నెట్‌కు వేరే పైపు

కాకినాడలో మా మేనకోడలి ఇంటికి స్లాబ్ వేస్తున్నారు. సెంట్రింగ్ అయిపోయి, ఇనుము కట్టి, కరెంటు పైపులు పరుస్తున్న సమయానికి వెళ్లాను. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫ్యాన్ బాక్సు బిగిస్తున్నవాడల్లా తలెత్తి, "నెట్‌కి వేరే పైపు వేసెయ్యమంటారాండీ?" అన్నాడు. ఎవరూ చెప్పకుండా, తనంతట తనే అడిగాడు. ఈ వారమంతా ఆ మాట తలుచుకుని సంతోషపడుతున్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు, ఈ విషయంలో నా గోల పాతదే. వాస్తు చూసి, పూజగది కుదిరి, వంటగట్టుకు గ్రానైట్ ఎంచి, రంగులు కూడా వేశాక గానీ మనకు ఇంటర్నెట్ గుర్తుకు రాదు. అప్పుడు ఫైబర్ అబ్బాయి వచ్చి కిటికీ చట్రానికి కన్నం వేసి, టీవీ వెనకాల డబ్బా తగిలించి వెళ్లిపోతాడు. ఇల్లంతటికీ వైఫై ఎక్కణ్నుంచి రావాలో ఆ కిటికీ తేల్చేస్తుంది. పైఅంతస్తులో పిల్లల క్లాసు మధ్యలో ఆగిపోతే తిట్లు కంపెనీకి.

వైఫైకి ఇటుక గోడ కొంత అడ్డు. చువ్వలు కట్టిన కాంక్రీటు ఇంకా పెద్ద అడ్డు. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోతుంది గానీ వేగం తక్కువ, చుట్టుపక్కల రౌటర్లన్నీ అక్కడే మూగుతాయి. 5 గిగాహెర్ట్జ్‌ది మంచి వేగం, స్లాబ్ దాటేసరికి నీరసిస్తుంది. మెష్ డబ్బాలు కొంటే చాలంటారు. అవి తమలో తాము కూడా గాలిలోనే మాట్లాడుకుంటే, మన ఫోన్లకు దక్కాల్సిన వేగంలో కొంత వాటికే ఖర్చవుతుంది. మధ్యలో తీగ ఉంటే ఆ బాధ లేదు. మంచి వైఫై కావలసినవాళ్లు ముందు తీగ గురించి ఆలోచించాలని నేను అనేది ఇందుకే.

కుర్రాడూ నేనూ అక్కడే కూర్చుని ప్లాను గీశాం. మెట్ల కింద, ఇన్వర్టర్ లైను అందేచోట, ఓ గూడు. ఫైబర్ నేరుగా అక్కడికే. అక్కణ్నుంచి టీవీ వెనక్కి, చదువుకునే బల్ల దగ్గరికి, గేటు కెమెరాకి, హాలు సీలింగ్ మధ్యకి ఒక్కో పైపు, పైకెక్కేది ఇంకొకటి. కరెంటు పైపులో నెట్ తీగ దూర్చకూడదు. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు అందులోకి వచ్చేస్తాయి. తీగ క్యాట్ 6, అసలు రాగిదే కావాలి. చవగ్గా దొరికేవాటిలో కొన్ని రాగిపూత పూసిన అల్యూమినియం. వంపుల దగ్గర తెగుతాయి, వాటిలోంచే కెమెరాకు కరెంటు పంపితే వేడెక్కుతాయి. ఒక్కో తీగకు 100 మీటర్లు హద్దు. మామూలు ఇంట్లో అంత దూరం రాదు.

మా తాతగారి పెంకుటింట్లో వైరింగ్ టేకు పట్టీల మీద ఉండేది. గోడ పొడవునా సన్నటి చెక్క, దాని మీద పక్కపక్కన తీగలు, బెత్తెడు దూరానికో రేకు క్లిప్పు. పండక్కి గోడలకు సున్నం వేస్తే పట్టీలకూ ఇంత పడేది. ఏ దీపమైనా వెలగకపోతే తాతగారు టార్చిలైటుతో తీగ వెంటే చూసుకుంటూ వెళ్లేవారు. ఎలుక కొరికిన చోటు కనబడేది. మనిషిని పిలిచేలోపే జబ్బు ఎక్కడో తెలిసిపోయేది. తర్వాత గోడలు చెక్కించి, తీగలన్నీ లోపలికి పంపేశారు. ఇంటికి అందం వచ్చిన మాట నిజం. ఓ వానాకాలం గోడ తడిసి వెనకగదిలో కరెంటు పోయింది. ఏ పైపు ఎటు వెళ్లిందో వేసినతనికే తెలియాలి, అతను దుబాయ్‌లో ఉన్నాడు. కొత్త గోడలు మళ్లీ చెక్కారు.

అందుకే కాంక్రీటు పోసేముందు పైపులన్నిటికీ, టేపు పక్కన పెట్టి మరీ, ఫోన్‌తో ఫొటోలు తీయించాను. పైపుల్లో ఒక్కో జీఐ తీగ వదిలెయ్యమన్నాను, రేపు పాత కేబుల్ మార్చాలన్నా కొత్తది లాగాలన్నా పనికొస్తుంది.

ఇల్లు ఎప్పుడో కట్టేసుకున్నవాళ్లను కూడా గోడలు చెక్కించమంటానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అనను. రెండు పడగ్గదుల ఫ్లాటయితే, డబ్బాను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్య గోడకు, తలుపెత్తున పెట్టించండి. చాలామందికి దాంతోనే సరిపోతుంది, తీగ ఊసే అక్కర్లేదు. మేడ ఉంటే కింది నుంచి పైకి ఒక్క తీగ, తెల్ల కేసింగ్ పట్టీలో, స్కర్టింగ్ మీదుగా బయటే నడిపించండి. వచ్చినవాళ్లకు కనబడుతుందంటారా? కనబడనివ్వండి.

అంతెందుకు, మేనకోడలి కొత్తింట్లో కూడా పైకెక్కే ఆ ఒక్క లైనూ మెట్ల పక్కన బయటి పైపులోనే ఉంచమని అడిగాను. "కొత్త గోడ మీద పైపేంటి మావయ్యా!" అంది. గోడలు లేవడానికి ఇంకా టైముంది, మళ్లీ అడుగుతాను.