జీవన నైపుణ్యాలు – బట్టీ పాఠమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల దశకంలో బడిపిల్లలకై పది జీవన నైపుణ్యాలను పేర్కొన్నది. స్వీయావగాహన, సహానుభూతి, నిర్ణయశక్తి, విమర్శనాత్మక ఆలోచన అందులోనివే. జాబితాలో లోపం లేదు. దాని నిర్వచనాలను కంఠస్థం చేయించి మార్కులు వేయడమే లోపం. ప్రశ్నించడమంటే ఏమిటో వల్లించినవాడు ప్రశ్నించడం నేర్చినట్లా?

మన అడిక్‌మెట్ చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైనది. దానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చేందుకు 1917లోనే దారుల్ తర్జుమా వెలసింది. అనువాదకునిగా నాకు తోచేది ఇదే: తన భాషలో అర్థమైన విషయాన్నే విద్యార్థి ధైర్యంగా ప్రశ్నించగలడు.

మదరసాలలో 'తక్రార్' అనే ఆచారం ఉంది. పాఠం ముగిశాక ఒక విద్యార్థి దానిని సహచరులకు తిరిగి బోధిస్తాడు, వారు ప్రశ్నిస్తారు, తెలియనిచోట అతడు 'తెలియదు' అని ఒప్పుకోవాలి. వినడం, వివరించడం, పొరపాటును అంగీకరించడం అక్కడే అలవడుతాయి. అయితే అదీ కేవలం వల్లెవేతగా దిగజారితే నిష్ప్రయోజనమే. బడి అయినా, మదరసా అయినా, పిల్లవాని ప్రశ్నకు చోటివ్వాలి.