బాన్సువాడల యాడ? – హాస్టల్ గది, ఎంపిక, కులం

బాన్సువాడ బస్టాండులో ట్రంకుపెట్టె పక్కన పెట్టుకొని హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డ పిల్లగాణ్ణి ఎవరైనా అడిగే మొదటి మాట "ఏం సీటొచ్చింది బిడ్డా?" అని. అదే పిల్లగాడు హైదరాబాదులో దిగి, యూనివర్సిటీ హాస్టల్ వరండాలో అదే పెట్టె పక్కన నిలబడితే అడిగే మాట వేరే ఉంటది. "ఏ ఊరు?" "బాన్సువాడ." "బాన్సువాడల యాడ?"

ఈ రెండో ప్రశ్నకు భూగోళంతో పనిలేదు. నిజాంసాగర్ కాలువకు ఏ దిక్కున ఉంటారో తెలుసుకుందామని ఎవరూ అడగరు. గదిలో రెండో మంచం మీద పడుకోబోయేది ఎవరో తేల్చుకోవడానికే అడుగుతారు. ఇంటిపేరు చెప్పినా తేలకపోతే "ఏ హాస్టల్ల చదువుకున్నవ్?" అని ఇంకొకటి వస్తది. దానికి జవాబు చెప్పినంక ఇక అడిగేదేం ఉండదు.

మొదటి సంవత్సరం గదిని ఎట్ల ఎంచుకోవాలనే దాని మీద ఏటా అడ్మిషన్ల కాలంలో పత్రికల చదువుల పేజీల్లో సలహాలు వస్తుంటయి. తొందరగా పడుకునేవాడితో రాత్రంతా చదివేవాడు ఉండొద్దనీ, కిటికీ ఉన్న గది తీసుకోమనీ, బాత్‌రూములకు మరీ దగ్గరగా వద్దనీ. మంచి సలహాలే, మాకేం తగాదా లేదు. కాకపోతే ఆ సలహాలు రాసేవాళ్ల మనసులో ఒక విద్యార్థి ఉంటాడు. వాడికి గది ఎట్లాగూ దొరుకుతుంది, పక్క మంచంవాడు వాణ్ణి చూసి లేచిపోడు. అలవాట్ల గురించి ఆలోచించే తీరిక వాడికే ఉంటుంది. మన పిల్లలకు ఎంపిక అనేది ఆ చివరనుంచి మొదలు కాదు. వాళ్లు ఎంచుకునే లోపల ఎవరో వాళ్లను ఎంచి పక్కన పెడతారు.

అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బరోడా ఘట్టం మనందరికీ తెలిసిందే. 1917లో పెద్ద చదువు చదివి, బరోడా సంస్థానం కొలువుకు వచ్చిన మనిషికి ఊళ్లో తలదాచుకునే చోటు లేదు. చివరికి పార్శీల సత్రంలో, పార్శీ పేరు పెట్టుకొని, రోజుకు రూపాయిన్నర కట్టి, పైఅంతస్తులో ఒక చిన్న గదిలో ఒంటరిగా ఉన్నాడు. పక్కన పాత సామాను నిండిన పెద్ద హాలు, సరిగా వెలగని లాంతరు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకొని పార్శీలు మెట్లెక్కి వచ్చారు. ఇద్దరు స్నేహితులను అడిగాడు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరి ఇళ్లలోనూ చోటు దొరకలేదు. రాత్రి రైలు దాకా పార్కులో కూర్చున్నాడు. స్టడీ సర్కిళ్లలో దీన్ని చదివేటప్పుడు గొంతు పూడుకుపోయి ఆగినవాళ్లను మేము చూశాం.

అయితే మన సాహిత్య విమర్శ ఈ ఘట్టాన్ని ఒంటరిగా చదివి ఊరుకుంటున్నదని మా ఫిర్యాదు. దీని పక్కన పెట్టి చదవవలసిన ఇంకో గది ఉంది. ఆ పుస్తకంలో అది కనిపించదు. 1913లో న్యూయార్క్ చేరిన అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయపు హార్ట్‌లీ హాల్ అనే డార్మిటరీలో దిగి, కొద్దిరోజులకే కాస్మోపాలిటన్ క్లబ్బుకు మారి, ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్‌లో కుదురుకున్నాడు. అక్కడ గదిని పంచుకున్నది నావల్ భతేనా. ఆయన పార్శీ. బతుకంతా మిత్రుడిగా నిలిచాడు, డబ్బు అవసరమైనప్పుడు ఆదుకున్నాడు. అంటే న్యూయార్కులో పక్క మంచం మీద పడుకున్నదీ పార్శీయే, నాలుగేళ్లకు బరోడాలో కర్రలతో మెట్లెక్కిందీ పార్శీలే. మనిషి మంచితనం, చెడ్డతనం లెక్కతో ఇది తేలదు. లివింగ్‌స్టన్ హాల్ గది విశ్వవిద్యాలయానిది, తాళం దాని చేతిలో ఉంది. బరోడాలో సత్రం ఒక కులం లాంటి సమాజానిది, తాళం వాళ్ల చేతిలో ఉంది. సంస్థానానికి సొంత బంగళాలున్నాయి, వాటిలో ఒకటి ఇవ్వమని అడిగినా దివాను నాన్చాడు. అంబేడ్కర్ ఆ సంగతి కూడా రాశాడు. మనం మాత్రం కర్రల దగ్గరే ఆగిపోయి దివాను నాన్చుడును వదిలేస్తున్నాం. మా అనుభవంలో కర్రలు పట్టుకున్నవాళ్లకంటే నాన్చినవాళ్లే ఎక్కువ.

అట్లని న్యూయార్కును స్వర్గం చేసి చూపడం మా ఉద్దేశం కాదు. అదే కొలంబియాలో 1924లో ఫర్నాల్డ్ హాల్‌లో ఫ్రెడరిక్ వెల్స్ అనే నల్లజాతి లా విద్యార్థి ఉన్నందుకు ఆ భవనం ముందర రాత్రిపూట శిలువను తగలబెట్టారు. హార్వర్డ్ సంగతి ఇంకా మనకు పనికొచ్చేది. అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థులందరూ కలిసి ఉండాలని హాళ్లు కట్టించింది అధ్యక్షుడు లోవెల్. ధనికుల పిల్లలు ఒకచోట, పేదల పిల్లలు ఒకచోట ఉండటం మాన్పాలన్నది ఆయన ఆదర్శం. ఆ హాళ్లలో నల్లవాళ్లకు చోటివ్వనిదీ ఆయనే. తాను హార్వర్డ్‌లో చదువుకున్న రాస్కో కాంక్లింగ్ బ్రూస్ 1922లో తన కొడుక్కి గది అడిగితే లోవెల్ కాదన్నాడు. తెల్లవాళ్లను నల్లవాళ్లతో కలిసి ఉండమని బలవంతపెట్టలేమన్నది ఆయన వాదన. గొడవ పెద్దదై, 1923లో పై బోర్డు తీర్మానం చేసింది: రంగును బట్టి ఎవరినీ హాళ్లనుంచి మినహాయించొద్దు, అయితే తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ కలిసి ఉండమనీ తినమనీ బలవంతపెట్టొద్దు. తలుపు తెరిచారు, గడప మీద ఒక రాయి పెట్టారు. 'బలవంతం వద్దు' అనే ఆ చిన్న తోక ఎంత పని చేస్తుందో మన హాస్టళ్లలో 'రూం చేంజ్' దరఖాస్తు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మాలో ఒకరికి జరిగింది చెప్తాం. యూనివర్సిటీ పేరు అక్కర్లేదు. లిస్టులో నెంబరు చూసుకొని గదికి పోతే, అవతలి అబ్బాయి అప్పటికే వచ్చి ఉన్నాడు. వాళ్ల నాయిన కూడా ఉన్నాడు. పెద్దమనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు, పచ్చడి సీసా మూత తీసి "తీసుకో బాబూ" అన్నాడు. ఊరు అడిగాడు, చెప్పాడు మనవాడు. ఊళ్లో యాడ అని అడిగాడు, అదీ చెప్పాడు. ఇంటర్ ఎక్కడని అడిగితే సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నానన్నాడు. మనవాడు నీళ్లు తెచ్చుకుందామని నల్లా దగ్గరికి పోయి వచ్చేసరికి పరుపు లేదు, సూట్‌కేసు లేదు, పచ్చడి సీసా లేదు. ఆఫీసులో అడిగితే 'పర్సనల్ రీజన్స్' అని రాసిన కాగితం మీద వార్డెన్ సంతకం అప్పటికే పడి ఉంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఏ చట్టం కింద కేసు పెడతావ్? మనవాడు ఆ వారమంతా ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. వారం తర్వాత మన జిల్లా అన్నలొచ్చి "ఒక్కనివి ఎందుకుంటవ్ తమ్మీ, మా దిక్కు రా" అని తీసుకపోయారు. రికార్డులో చూస్తే ఇద్దరూ తమ ఇష్టప్రకారమే గదులు మార్చుకున్నారు. ఎంపిక చేసుకున్నారన్నమాట!

ఢిల్లీ ఎయిమ్స్‌లో జరుగుతున్నదాని మీద 2007లో నివేదిక ఇచ్చిన తోరట్ కమిటీ చెప్పింది ఇదే. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులు వేధింపులు పడలేక కొన్ని హాస్టళ్లలో కొన్ని అంతస్తులకు చేరిపోయారని ఆ కమిటీ గుర్తించింది. బయటినుంచి చూసేవాడికి 'వీళ్లే గుంపు కట్టారు' అనిపిస్తుంది. ఊరికి తూర్పునో దక్షిణాననో వాడ ఉంటే, వీళ్లకు అక్కడ ఉండటమే ఇష్టమేమో అనుకున్నట్టు. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు హాస్టళ్లలో, మెస్సుల్లో వేరు చేసి చూడటాన్ని వివక్షగా చెప్పాయి. మంచిదే. వేరు చేయడం అనేది ఆర్డరు రూపంలో వస్తే ఆ నిబంధన పట్టుకుంటుంది. దరఖాస్తు రూపంలో వస్తే ఎట్లా పట్టుకుంటుంది?

ఇక్కడ మామీద ఒక విమర్శ ఉంది, అభ్యుదయ మిత్రులనుంచే. "మీరంతా ఒకే గదుల్లో ఉంటే కులం ఎట్ల పోతది? కలిసి ఉండండి" అంటారు. ఈ మాట అనేవాళ్లను హైదరాబాదు చరిత్ర ఒకసారి తిరగెయ్యమని కోరుతున్నాం. నగరంలో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే. కొత్వాలు వెంకట్రామిరెడ్డి దాని వెనక ఉన్నాడు, సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేశాడు, రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు అక్కణ్నుంచే వచ్చారు. తెలంగాణ మేల్కొన్న చోట్లలో అదొకటని చరిత్రకారులు రాస్తారు, తప్పు కాదు కూడా. తర్వాత వైశ్యులకు, మున్నూరు కాపులకు, పద్మశాలీలకు, గౌడులకు హాస్టళ్లు వచ్చాయి. పల్లెనుంచి వచ్చిన పిల్లకు చోటు కావాలి కాబట్టి కట్టుకున్నారు. వాటిని 'చైతన్య కేంద్రాలు' అన్నారు. మన పిల్లలుండే చోటుకు మాత్రం మా దిక్కు జనం నోట్లో ఇప్పటికీ 'హరిజన హాస్టల్' అనే పేరు. ఒకే పని, ఒకచోట చైతన్యం, ఇంకోచోట వేర్పాటు. వాళ్ల హాస్టల్‌కు దాతల పేర్లతో పాలరాయి పలకలుంటాయి. మన హాస్టల్‌కు బకాయిపడ్డ మెస్ బిల్లులుంటాయి.

అన్నల గదిని మేము కించపరచలేం. ఉస్మానియాలో గది అలాట్ కాకపోయినా, 'నాన్-బోర్డర్'గా నేలమీద చాప వేసుకొని ఏండ్లకేండ్లు చదువుకున్నవాళ్లు ఎంతమందో. బీడీలు చుట్టే తల్లి పంపిన పైసలతో, ఇద్దరి అన్నం ముగ్గురు తిని, నెట్‌లూ సెట్‌లూ రాసిన గదులవి. కారంచేడు, చుండూరుల తర్వాత కరపత్రాలు రాసింది ఇటువంటి గదుల్లోనే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టిందంటే దాని వెనక మెస్సులూ గదులూ ఉన్నాయి. పరేల్‌లో ఒక్క గదిలో ఇల్లంతా సర్దుకున్న చోట, తండ్రి మేల్కొని లేపితే అర్ధరాత్రి లేచి చదివిన పిల్లవాడి వారసత్వం ఇది.

ఆ గదుల బలం తెలిసిన పాలకులు వాటినుంచే కొడతారు. 2015 డిసెంబరులో అదే యూనివర్సిటీ అయిదుగురు దళిత పరిశోధకులను వెలివేసినప్పుడు తరగతినుంచి తీసేయలేదు, హాస్టళ్లనుంచి తీసేసింది. చదువుకో, కాని ఉండొద్దు! 2016 జనవరిలో వాళ్లు తమ పరుపులూ పెట్టెలూ మోసుకొని షాపింగ్ కాంప్లెక్సు దగ్గర డేరా వేసుకొని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల తనది కాని, ఒక మిత్రుడి హాస్టల్ గదిలో చనిపోయాడు. బరోడానుంచి అక్కడికి 99 ఏండ్లు.

ఇంత చెప్పి, మన గదుల లోపలికి చూడకపోతే అది నిజాయితీ కాదు. 1994లో దండోరా మొదలయ్యాక మాల పిల్లల గదులు, మాదిగ పిల్లల గదులు అని తలుపులు వేరుపడ్డ సంగతి మనకు తెలుసు. వర్గీకరణ అడగడం న్యాయమే. 2025లో తెలంగాణలో చట్టమే వచ్చింది. కాని "బాన్సువాడల యాడ?" అని ఇప్పుడు మనమే అడుగుతున్నాం. 'యాడ' అంటే ఈసారి ఏ వాడ అని అర్థం. డక్కలి, చిందు పిల్ల వస్తే ఏ అన్న తన గదికి రమ్మంటున్నాడు? తండానుంచి వచ్చిన లంబాడి పిల్లగాడి యాసకు నవ్వేది మన గదుల్లో కూడా వినపడుతుంది. ఇక ఆడపిల్లల సంగతి మా రాతల్లోనే తక్కువ. వాళ్లకు 'జిల్లా అన్న' ఉండడు, చాపేసుకొని నాన్-బోర్డర్‌గా ఉండే వీలుండదు. రాత్రి గేటు మూసే టైముకు లోపల ఉండాలి. పక్క మంచం పిల్ల లేచిపోతే వెళ్లేందుకు ఇంకో గది లేదు. బాన్సువాడ డిగ్రీ కాలేజీలో మంచి మార్కులతో పాసైన ఒక చెల్లె, హాస్టల్లో మొదటి నెల గడవకముందే తిరిగొచ్చి డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీకి దినాం బస్సులో పోయొచ్చింది. అడిగితే "బువ్వ పడలే అన్నా" అన్నది. రెండేండ్ల తర్వాత గాని అసలు మాట చెప్పలేదు. ఆమె నీళ్ల బిందె ముట్టుకున్నందుకు తోటి పిల్ల దాన్ని మూడుసార్లు కడిగిందట.

మేము అడిగేది పెద్దదేం కాదు. అలాట్‌మెంట్ లిస్టు వేసేది వార్డెన్ అయినప్పుడు దాన్ని నిలబెట్టే బాధ్యత కూడా వార్డెన్‌దే. మొదటి ఏడాది గది మారతామన్న ప్రతి దరఖాస్తుకూ కారణం రాతపూర్వకంగా ఉండాలి. 'పర్సనల్' అంటే సరిపోదు. ఆ దరఖాస్తుల పుస్తకాన్ని ఎస్సీ ఎస్టీ సెల్ ఏటా తెరిచి చూడాలి, ఎవరి పక్కనుంచి ఎవరు లేచిపోతున్నారో ఊర్లవారీగా కాదు, కులాలవారీగా లెక్క తీయాలి. ఆ లెక్క బయటపెట్టాలి. ఇక మన పిల్లలు కలిసి ఉంటామంటే అది వాళ్ల ఇష్టం, దానికి సంజాయిషీ అడగొద్దు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని అనేవాళ్లు, రెడ్డి హాస్టల్‌లో ఉండి కూడా ఉస్మానియా హాస్టల్లో గది అడిగే హక్కు ఎవరికీ పోలేదని గమనించాలి.

ఈ ఏడు కూడా మా దిక్కునుంచి పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. "అన్నా, లిస్టుల పేరొచ్చింది. పక్కోడు ఎవరో తెల్వదు. మీ రూంకు రావాల్నా, ఇచ్చిన రూంకు పోవాల్నా?" అని. ఇచ్చిన రూంకే పో తమ్మీ అంటున్నాం. పెట్టె దించి, మంచం మీద దుప్పటి పరిచి, నెంబరు రాసుకొని మాకు పంపు. వాడు లేచిపోతే వాడు రాసిన దరఖాస్తుకు జిరాక్సు అడుగు. ఇవ్వకపోతే మేమొచ్చి అడుగుతం.