సరోజినీదేవి వాగ్ధోరణి – లాడ్ బజారు గీతములు

శ్రీమతి సరోజినీ నాయుడుగారి యుపన్యాసములు కవిత్వమే యని కొనియాడుట పరిపాటి. ఆ ప్రశంసవలన విషయము తేలదు. ఏ చదువు, ఏ వ్రాఁత యా నోటికి నట్టి నడక నేర్పినది?

1879లో హైదరాబాదున జన్మించిన యామె పదుమూఁడవయేఁట స్కాట్ కవి ఫక్కిని నాఱు దినములలో 1300 పంక్తుల యాంగ్లకావ్యము వ్రాసెను. పిమ్మట నారోగ్యము చెడి క్రమమైన చదువు నిలిచిపోయెను. తన పఠనములో నధికభాగము పదునాల్గు, పదునాఱేండ్ల నడుమ సాగినదని యామె తెలిపిన మాట 1905 నాఁటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’కు ఆర్థర్ సైమన్స్ వ్రాసిన పీఠికలోఁ గలదు. గురువు పగ్గములేని చదువు, ఆగక సాగిన వ్రాఁత: వేదికపైఁ గాగితము చూడక ధారగాఁ బలుకుటకు మూల మిచ్చటనే వెదకవలెను.

ఆంగ్లదేశపుఁ బక్షులను విడిచి స్వదేశమును బాడుమని ఎడ్మండ్ గాస్ చేసిన హితోపదేశము ప్రసిద్ధము. 1912లో వెలువడిన ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’లోని బజారు గీతము, గాజులవారి గీతము నా త్రోవలోనివే. వానిలో వీథిపేరు లేదు. కాని చార్మినారునకుఁ బడమట గాజుల యంగళ్లు బారులు తీరిన లాడ్ బజారు నెఱిఁగినవారికిఁ బేరుతోఁ బనిలేదు. (లాడ్ శబ్దము లక్కకు సంబంధించినదని కొందఱు, గారాబమునకని కొందఱు.) బజారు గీతమున నొక్కొక్క వృత్తివారికి సంబోధన, ప్రశ్న, వెంటనే వస్తువుల వరుసగా సమాధానము. గాజుల గీతము కన్య, నవవధువు, నడివయసు గృహిణి యను మూఁడు మెట్లలో నడచును.

1917 తరువాత నామె జీవితకాలమునఁ గ్రొత్త కవితల సంపుటి వెలువడలేదు. చేతిపని నోటికి మాఱినది. సంబోధన, ప్రశ్న, జాబితా, మూఁడేసి మెట్ల యెక్కుడు వేదికపై నిలిచిపోయినవి. 1925 కాన్పూరు కాంగ్రెసు అధ్యక్షోపన్యాసమున భయమును ద్రోహముగను, నిరాశను బాపముగను నొక్క తూఁకపు రెండు ఖండములలో నిలిపిన వాక్యము పద్యపుఁ గొలతలోనిదే.

అయితే లాడ్ బజారున బేరమాడక గాజులు తొడిగించుకొనువా రరుదు. ఆ గీతములలో బేరము లేదు; అడిగిన స్వరమును, బదులు చెప్పిన స్వరమును గవయిత్రివే. ఉపదేశమువలనఁ గవిత్వములోనికి వచ్చిన బజారు కనుక వన్నెలు వచ్చినవి, వాదులాట రాలేదు. ఉపన్యాసములందును బ్రతిపక్షి ‘కాదు’ అనుటకుఁ జోటు తక్కువ. భీతిల్లిన ప్రజకు ధైర్యము పోయుటకది గుణమే. ఒక తీర్మానపు మంచిచెడ్డలు తేల్చుటకుఁ జాలదు. గాంధీమహాత్ముని పొడిమాటల ప్రక్కనుంచినచో నీ భేదము తెల్లమగును. ఆయన వారపత్రికలకు వ్రాసి, పాఠకుల యాక్షేపములకు బదులు చెప్పుటకు నలవాటుపడినవాఁడు. ఆమె గాజులవా రాంగ్లమునఁ బాడుదురు. ఆ వీథిలోని దక్కనీ యుర్దూ, తెలుఁగు బేరపుమాటలలో నొక్కటియు వారి నోట రాదు.