స్టేజీ మీద మెజీషియన్, సంతలో గారడీ సాయిబు

2018లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ ఎనిమిదో సీజన్ గెలిచింది జావేద్ ఖాన్, మెజీషియన్. అంతకు ముందు 2016 సీజన్ గెలిచింది సులేమాన్ అనే పదమూడేళ్ల పిల్లాడు, వేణువు వాయించి. వరసగా రెండుసార్లు మన పేర్లు! ఖుషీ పడ్డవాళ్లలో నేనూ ఉన్నా. ఆ గెలుపు వాళ్లది. వాళ్లని ఎవరికీ ప్రతినిధుల్ని చేయక్కర్లేదు. నా తకరారంతా ఆ స్టేజీతోనే.

అమెరికాలో 2006లో మొదలైన ఈ నమూనా 2009లో కలర్స్ చానల్ ద్వారా మన ఇళ్లలోకొచ్చింది. పాట, ఆట, సర్కస్, గారడీ – ఎవరైనా రావచ్చు, ఏదైనా చేయొచ్చు అంటారు. మరి ఈ విద్యలన్నీ ఈ దేశంలో ఎవరివి?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిములకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టం జాబితా చదవండి. గారడీ సాయిబులు, పాములవాళ్లు, కనికట్టువాళ్లు. ఎలుగుబంటివాళ్లు. ముసల్మాన్ కీలుగుర్రాలవాళ్లు. టీవీవాళ్లు ‘వెరైటీ’ అని దేన్నంటున్నారో అది మన దగ్గర కులం పేరు! ముస్లిముల్లో కులాల్లేవనే మన షరీఫులు కూడా ఈ జాబితా ఒకసారి చదివితే బాగుణ్ణు. గారడీ సాయిబుకి మసీదులో సఫ్‌లో చోటుంటుంది, సంబంధం కలుపుకోవడానికి మాత్రం ఎవరూ రారు.

గారడీ చూసినవాళ్లకి తెలుసు, అందులో సగం విద్య నోట్లోనే ఉంటుంది. డుగ్‌డుగీ కొట్టి జనాన్ని గుండ్రంగా నిలబెట్టాలి. ఉస్తాద్ అడుగుతాడు, జమూరా జవాబు చెబుతాడు. ఉర్దూ, తెలుగు కలగలిసిన ఆ సవాల్-జవాబ్‌లో ఊరి పటేల్ మీదా, పోలీసు మీదా చురకలు పడతాయి. మధ్యలో కదిలితే రక్తం కక్కుకుంటావని బెదిరింపు. (టీవీవాడు ‘చిన్న బ్రేక్’ అంటాడు. పని ఒకటే.) వెనకనించి కూడా జనం చూస్తుండగా చేతి సఫాయి దొరక్కుండా చేయడం ఆ విద్యలో గొప్పతనం.

స్టేజీ మీద ఆ గుండ్రం పోయింది. జనం ఎదురుగానే ఉంటారు. రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. మాట పోయి, దాని చోట్లోకి మ్యూజిక్ వచ్చింది. పేదరికం చూపించే చిన్న ఫిల్ము ముందే వేస్తారు. గారడీవాడు తన కథ తనే చెప్పుకునేవాడు, నవ్విస్తూ చెప్పేవాడు. ఇక్కడ అతని కథ ఇంకెవరో చెబుతారు, ఏడిపిస్తూ చెబుతారు. 2018లో జడ్జీ కుర్చీల్లో కిరణ్ ఖేర్, మలైకా అరోరా, కరణ్ జోహార్. ముగ్గురూ సినిమావాళ్లే. చేతిలో ఏం జరిగిందో పట్టుకునే ఉస్తాద్ ఒక్కడూ ఆ వరసలో లేడు. అందుకే వాళ్ల తీర్పు ఎప్పుడూ వాళ్లకేమనిపించిందో చెప్పడంతో ఆగిపోతుంది. విద్య గురించి ఒక్క ముక్క ఉండదు.

స్టేజీ దిగితే ఏముంది? 1959 నాటి బొంబాయి బిచ్చగాళ్ల నిరోధక చట్టం పాడటం, ఆడటం, ప్రదర్శన చేయడం వంటి ‘సాకు’తో డబ్బడిగినా బిచ్చమే అంది. మొదటిసారి దొరికితే మూడేళ్లదాకా నిర్బంధం. అదే చట్టం ఢిల్లీకీ వర్తించేది. 2018 ఆగస్టులో, ఆ సీజన్ మొదలవడానికి కొద్ది నెలల ముందు, ఢిల్లీ హైకోర్టు అక్కడ దాని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసింది.

అదే ఢిల్లీలో 1995లో ఇషాముద్దీన్ ఖాన్ కుతుబ్ మినార్ దగ్గర ఆరుబయట తాడు గారడీ చేసి చూపించాడు. తెర లేదు, లైట్లు లేవు. దాన్ని కట్టుకథ అని కొట్టిపారేసిన ప్రపంచం వచ్చి చూసింది. ఆయన బతికిన కఠ్‌పుత్లీ కాలనీని, తోలుబొమ్మలవాళ్లూ మదారీలూ దశాబ్దాలు కాపురమున్న ఆ బస్తీని, 2017లో బుల్‌డోజర్లతో కూలగొట్టారు. ఆ బస్తీకి ఏ బజరూ మోగలేదు.

భాషైనా న్యాయం చేసిందా? ఇంగ్లీషులో పేరు పెట్టుకుంటే చప్పట్లు. తెలుగులో ‘గారడీ’ అంటే మోసం. బడ్జెట్ రోజున మా పేపర్లలో ‘అంకెల గారడీ’ అని హెడ్డింగు పడని ఏడాది అరుదు. లెక్కలు తారుమారు చేసేది మంత్రిగారు, పేరు చెడేది సాయిబుది!