ముందు కాళ్ళు చూడు

ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలోకి ఆ తెల్లగుర్రం వచ్చి నిలబడ్డ రోజు మా వీధి వీధంతా మురిసిపోయింది. పెళ్ళి ఊరేగింపులకు తిప్పుకుందామని మా పక్కింటి అబ్బాయి బేరం ఆడుతున్నాడు. అమ్మేవాడు జూలు నున్నగా దువ్వి, నుదుటికి పూసల పట్టీ కట్టి, డెక్కలకు నల్లగా నూనె రాసి మరీ తెచ్చాడు. అందరం దాని మొహమే చూస్తున్నాం. మా తాతగారు ఒక్కరే చూపు కిందికి దించారు.

“ముందు కాళ్ళు చూడు నాయనా. మొహం ఎక్కడికీ పోదు” అన్నారు.

ఆ మాటలో రెండు అర్థాలున్నాయని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. అన్నిటికంటే ముందుగా కాళ్ళు చూడమనడం ఒకటి. కాళ్ళలోనూ ముందరి జత చూడమనడం రెండోది. నిలబడ్డ గుర్రం బరువులో సగానికి పైగా, దాదాపు అరవై పాళ్ళు, ముందుకాళ్ళే మోస్తాయి. కుంటు ఎక్కువగా అక్కడే పుడుతుంది. గుర్రపు పరీక్ష అనే గొప్ప విద్యకు ఓనమాలు ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి.

తాతగారిది వర్క్‌షాపు ఉద్యోగం. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షనూ వర్క్‌షాపూ పెట్టిన తొలిరోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనవాళ్ళు రైలెక్కి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు కదా, ఆ కుటుంబాల్లో తాతగారిదొకటి. వాళ్ళ నాన్నగారు విజయనగరంలో జట్కా తోలేవారట. కొడుకు చేతికి కళ్ళేనికి బదులు సుత్తి వచ్చింది. ఆగిన రైలుబండి పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ తట్టి చూడటం ఆయన పని. గంటలా మోగితే మంచి చక్రం. బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగులు. తండ్రి నుంచి వచ్చిన చెయ్యి, ఉద్యోగం నేర్పిన చెవి ఒక్క మనిషిలో కలిశాయి. ఇంట్లో కూర్చుని వీధిలో పోతున్న బండి చప్పుడు విని “వెనక కుడికాలి లాడం వదులైంది, మేకు బిగించుకోమనండి” అన్నారొకసారి. పరిగెత్తి వెళ్ళి చూస్తే అక్షరాలా అంతే. ఇంకోసారి ఒక గోధుమరంగు గుర్రం ఎడమ చెవి అదేపనిగా పక్కకే తిప్పుతోందని గమనించి, ఆ వైపు కంటిచూపు లేదని తేల్చారు. చూపు పోయిన వైపు కాపలా చెవి కాస్తుందట! ఇలాంటి మనిషిని పండితుడు అనకపోతే ఎవర్ని అనాలి?

ఈ విద్య మనకు నిన్న మొన్నటిది కాదు. శాలిహోత్రుడు, నకులుడు అశ్వశాస్త్రానికి ఆద్యులంటారు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. కాకతీయుల నాటి గంగయసాహిణి పేరులోని ‘సాహిణి’ అశ్వాల పెద్దరికం నుంచి వచ్చిందే. సముద్రం దాటి ఏనుగుల్నీ గుర్రాల్నీ తెచ్చే వర్తకుల్ని ఆదరించి దగ్గర చేసుకోవాలని, అవి శత్రువు చేతికి పోనివ్వకూడదని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు. అంతకుముందు సాళువ నరసింహుడి సంగతి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఓడలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా డబ్బిచ్చేవాడట. రాజుగారికి చెల్లింది. మన పక్కింటి అబ్బాయి భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో కొంటున్నాడు. అతనికి తోక చాలదు, నాలుగు కాళ్ళూ నడవాలి.

గ్రీకు సేనాని జెనోఫోన్ దాదాపు 2,400 ఏళ్ళ కింద ఇదే రాశాడు. పునాది బాగాలేని ఇల్లు ఎంత అందంగా ఉంటే ఏం లాభం, గుర్రానికి పాదాలు అలాంటివే అన్నాడు. అతనికి విజయనగరం జట్కావాళ్ళు తెలియరు, వాళ్ళకి అతను తెలియడు. నిజమైన పనివాళ్ళంతా చివరికి ఒక్క చోటికే చేరతారు.

ఇక ఆ రోజు తాతగారి చెయ్యి ఏం చేసిందో చెప్తాను. ముందు దూరంగా నిలబడి గుర్రం ఎలా నిలబడిందో చూశారు. అది ఎడమ ముందుకాలు కొంచెం చాపి పెట్టింది. వెనక కాలు ఒకటి సడలించి నిలబడటం గుర్రానికి విశ్రాంతి. ముందుకాలు చాపితే మటుకు నొప్పిని అనుమానించాలి. దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఎత్తకుండా మోకాలి మీదుగా డెక్క దాకా జార్చారు. కళ్ళు మూసుకున్నారు. మోకాలి కింద వెనక వైపు నరం కట్టిన తీగలా గట్టిగా, సాఫీగా ఉండాలి. ఎక్కడైనా ఉబ్బో మెత్తదనమో తగిలిందా, పాత దెబ్బ. తరవాత అరచెయ్యి తిప్పి చేతి వెనక భాగంతో రెండు డెక్కల్నీ మార్చి మార్చి తాకారు. వేడిని పట్టడంలో అరచేతి కంటే అదే నమ్మకం అనేవారు. ఎడమది వెచ్చగా ఉంది.

పాత గుడ్డ అడిగి డెక్కల మీది నూనె తుడిచారు. నిగనిగల కింద నుంచి అడ్డంగా గీతలు బయటపడ్డాయి, మడమ వైపు దూరందూరంగా, ముందు వైపు దగ్గరదగ్గరగా. డెక్కలోపల ఎప్పుడో వాపు వచ్చి తగ్గిన గుర్తు అది. కాలెత్తి, అడుగున మట్టి గోకి, మూడు కోణాల మెత్తటి భాగం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. కుళ్ళు వాసన వస్తే తడి పేడలో రోజుల తరబడి నిలబెట్టారని అర్థం. బెంగాల్ వానల్లో పెరిగే గుర్రానికి ఈ ఒక్క పరీక్ష పది పరీక్షల పెట్టు.

“రోడ్డు మీద దౌడు తీయించు” అన్నారు. మెత్తటి గడ్డి కుంటును దాచేస్తుంది, గట్టి రోడ్డు దాచదు. కళ్ళెం తాడు వదులుగా పట్టుకోమన్నారు, తల స్వేచ్ఛగా ఊగాలి కాబట్టి. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం మంచి కాలు నేలకి ఆనినప్పుడు తల దించుతుంది, చెడ్డ కాలు ఆనినప్పుడు ఎత్తుతుంది. కళ్ళు మూసుకున్నా చాలు, చెవికి తెలుస్తుంది: టక్ టక్ టక్ అని సమంగా వినపడవలసిన చోట ఒక దెబ్బ తేలిపోతుంది. చక్రాల మధ్య పగిలిన చక్రాన్ని పట్టిన చెవి ఆ దెబ్బని పట్టకుండా ఉంటుందా?

ఆ తరవాతే నోరు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. డబ్బు పోసి కొనేదానికి లెక్కపెట్టకపోవడమే తప్పు. గుర్రానికి ముందు పళ్ళు పైన ఆరు, కింద ఆరు. పాలపళ్ళు పోయి నడిమి జత రెండున్నర ఏళ్ళకి, దాని పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి వస్తాయి. అయిదేళ్ళకి నోరు నిండుతుంది. అక్కణ్ణుంచి కింది పళ్ళ మీది గుంటలు అరుగుతూ ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళకి వరసగా మాసిపోతాయి. పదేళ్ళ ప్రాయంలో పై చివరి పన్ను మీద చిగురు దగ్గర ఒక గీత మొదలవుతుంది. పదిహేనుకి సగం దిగుతుంది, ఇరవైకి కొస తాకుతుంది. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయినా పన్ను పెద్ద అబద్ధం చెప్పదు.

“నాలుగేళ్ళ పిల్ల” అన్నాడు అమ్మేవాడు. తాతగారు పెదవి ఎత్తారు. గీత సగం దిగి ఉంది.

తాతగారికి అనుమానం అప్పటికే ఉంది. ఎందుకంటే పుట్టుకతో తెల్లగా ఉండే నుక్రా గుర్రానికి మూతి చుట్టూ చర్మం గులాబి రంగు. దీనికి నల్లగా ఉంది. అంటే ముదురు రంగులో పుట్టి ఏళ్ళ మీద తెల్లబడ్డది. అలాంటిది ఒక్క నల్ల వెంట్రుక లేకుండా పాలలా మారిందంటే సాధారణంగా ప్రాయం బాగానే గడిచి ఉంటుంది. వీధంతా మురిసిపోయిన ఆ తెలుపే దాని వయసుకి సాక్ష్యం చెప్పింది! ఈ చూపు ముందు చేతులు జోడించాలనిపించదూ?

చివరగా ఊపిరి. విశ్రాంతిలో నిమిషానికి ఎనిమిది నుంచి పదహారు. దౌడు తరవాత ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో చూడాలి. ఊపిరి వదిలేటప్పుడు డొక్క రెండుసార్లు ఎగిసిందా, ఊపిరితిత్తుల్లో తేడా. ముందు పళ్ళ అంచులు వింతగా అరిగి ఉంటే అది కొయ్యని కరిచే అలవాటున్న గుర్రం. ముక్కు కారుతున్నా, చర్మం కింద పుళ్ళు కట్టినా మరో మాట లేకుండా పశువైద్యుడి దగ్గరికి నడవాలి. గ్లాండర్స్ మనిషికీ అంటుకునే జబ్బు. 1899లోనే దాని మీద చట్టం వచ్చింది. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దాని రక్తపరీక్ష చేస్తారు. చెయ్యి ఎంత గొప్పదైనా ఇక్కడ రక్తపరీక్షే పెద్ద.

సుడుల విషయంలో నేను ఏ పక్షమో దాచుకోను. గొంతు మీద దేవమణి సుడి ఉందా, నాలుగు కాళ్ళూ మొహమూ తెల్లగా ఉన్న పంచకల్యాణి అవునా అని చూసే పెద్దల్ని నేను తక్కువ చెయ్యను. ఒక గుర్రాన్ని మరో గుర్రం నుంచి గుర్తుపట్టడానికి సుడులు, మచ్చలు ఎంతో ఉపయోగం. కాని సుడి బరువు మొయ్యదు. గొంతు మీద సుడి చూసి, డెక్కలో చీము చూడకుండా కొన్నవాడు శాస్త్రాన్ని గౌరవించినట్టు కాదు, సగంలో వదిలేసినట్టు. నేను కాళ్ళ పక్షం, చేతి పక్షం, తాతగారి పక్షం.

ఆయన తీర్పు ఒక్క మాట: “వద్దు.”

పక్కింటి అబ్బాయి మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి మాతో మాటలు బంద్. నేను బాధపడితే తాతగారు అన్నారు: “నెల్లాళ్ళు మొహం చాటేస్తాడు, అంతేగా. గుర్రం పదేళ్ళు ఇంట్లో ఉంటుంది.” ఆయన ఇద్దరి దగ్గరా పైసా ముట్టేవారు కాదు. అమ్మేవాడి టీ కూడా తాగేవారు కాదు. టీ తాగిన నోటికి ‘వద్దు’ అనడం కష్టం అనేవారు. లెక్క కూడా ఆయనే వేసి చూపించేవారు. మూడొందల కిలోల గుర్రానికి రోజుకి ఆరేడు కిలోల ఎండు మేత, దాణా, పాతిక ముప్పై లీటర్ల నీళ్ళు, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి లాడాలు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలోనూ దాని కడుపు ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడీ విద్య ఎక్కడుంది? 2012లో దేశంలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 పశుగణన నాటికి మూడు లక్షల నలభై వేలకి పడిపోయాయి. ఏడేళ్ళలో దాదాపు సగం! గుర్రాలు తగ్గితే చూసే చేతులూ తగ్గాయి. లాడాలు కొట్టే మనిషి కోసం ఊరూరా వెతకాలి. జట్కాలు పోయాయి, జట్కావాళ్ళు పోయారు. నడుము వంచి డెక్క ఎత్తే ఓపిక మనకి లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది ఏమిటి? ఫోనులో అర నిమిషం వీడియో! పాటకి గుర్రం ఎగురుతుంది, తోక ఊపుతుంది, కింద ధర. వీడియోకి వేడి తెలుస్తుందా? వాసన వస్తుందా? నొప్పి మందు పొడిచి ఆడిస్తే కుంటు ఆ పూటకి కనపడదు. తెల్లారేసరికి అదే గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. వెంట్రుకలకి రంగు వేస్తారు, అరిగిన పళ్ళ మీద కొత్త గుంటలు చెక్కి కాలుస్తారు. దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రాదు. నోరులేని జీవికి నొప్పి, కొన్నవాడికి అప్పు, మధ్యవాడికి రెండు వైపులా కమీషన్. సోనేపూర్ మేళా లాంటి చోట్ల తువ్వాలు కింద వేళ్ళతో బేరాలాడిన పాతకాలం దళారీ కూడా గుర్రం పక్కన నిలబడి, ఎండలో మాడి, తన మాటకి అక్కడే జవాబు చెప్పేవాడు. ఈ కొత్తవాడు నంబరు మార్చేస్తే చాలు.

అందుకే అడుగుతున్నాను. గుర్రం కొనేవాళ్ళు చెప్పకుండా వెళ్ళండి, చల్లటి వేళ, శాలలోంచి తీసిన క్షణాన చూడండి. రెండు వేర్వేరు రోజులు చూడండి. సొంత పశువైద్యుణ్ణి తీసుకెళ్ళండి. మెరుపు చూసి మోసపోకండి. ఊరేగింపులో పొట్టిగా, మట్టిరంగుగా, నిబ్బరంగా నిలబడే దేశవాళీ గుర్రం బాణసంచాకి బెదిరే అందగాడి కంటే వెయ్యి రెట్లు నయం. నిమ్‌పురాలోనో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనో, గోల్‌బజార్ వెనకో మీ ఇంట్లో జట్కా తోలిన తాతల మాటలు గుర్తున్నవాళ్ళుంటే కూర్చోబెట్టి తెలుగులో రాసుకోండి. ఈ విద్య కాగితం మీద సగమే నిలుస్తుంది, నాకు తెలుసు. ఆ సగం కూడా పోనివ్వకండి.

పక్కింటి అబ్బాయి నెల్లాళ్ళకి కాదు, మూడు నెలలకి మాట్లాడాడు. అప్పటికి తాతగారు మంచం పట్టారు. సాయంత్రం తలుపు తట్టి “ఒక గోధుమరంగుది చూశాను. మీరు వస్తారా?” అని నన్నడిగాడు. వెళ్ళాం. మైదానం అంచున చిన్న గుర్రం, పూసలు లేవు, నూనె లేదు. నేను నోరు తెరిచేలోపే అతను చెప్పులు పక్కన విడిచి, వంగి, దాని ముందుకాలి మీద చెయ్యి వేశాడు.

మొహం వైపు ఇంకా చూడనే లేదు.