డక్కలి పటం: చూసేకొద్దీ కనబడేది

జాంబపురాణం పటం ఒక్క చూపులో అందదు. చేర్యాల నకాశీలు గుడ్డమీద గీసిచ్చిన ఈ చుట్టను డక్కలి కళాకారుడు మాదిగవాడలో విప్పుతాడు. పుల్లతో బొమ్మ బొమ్మనూ చూపిస్తూ కథ చెప్తాడు. అదే పటాన్ని మ్యూజియం గోడకు వేలాడేస్తే ముందు కనిపించేవి ఎర్రరంగూ, దేవుళ్ల కిరీటాలూ. 'జానపద కళ' అనేసి అగ్రవర్ణ విమర్శకులు అక్కడే ఆగిపోయారు.

మేం ఇంకాసేపు చూడమంటాం. భూమి కంటే ఆరు నెలల ముందే పుట్టినోడు ఆదిజాంబవుడు. ఈ కథలో దేవుళ్లందరికీ ఆయనే పెద్ద. తర్వాత కామధేనువు ఘట్టం. కొయ్యడానికీ వండడానికీ పిలిచింది దేవుళ్లే, శాపం మాత్రం వండినోళ్లకి. అంటరానితనం ఎట్లా అంటగట్టారో మాదిగలు తమవైపు నుంచి చెప్పుకున్న చరిత్ర ఇది.

ఇంకా చూస్తే పటం పక్కన నిలబడ్డ మనిషి కనబడతాడు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు పాడే డక్కలి మాదిగింటి గడప దాటకూడదన్నది ఆనవాయితీ. వాడ అంచునే అతని గుడిసె. నిచ్చెనమెట్ల అసమానత అని అంబేద్కర్ చెప్పింది దీన్నే.

కాబట్టి దళిత సౌందర్యశాస్త్రం బొమ్మతోబాటు పుల్ల పట్టిన చేతినీ చదవాలి. ఊరు మనల్ని నిలబెట్టిన చోటే మనం డక్కలిని నిలబెడితే, ఆ పటం మన గౌరవాన్ని సగమే చెప్పినట్టు.