దేహము మరువని భయము
(సోమాటిక్ థెరపీని గూర్చి ఒక విమర్శ)

ప్రియ చదువరీ, నీ సంఘములో ఇట్టివారు ఒకరైనను ఉందురు. పది యేండ్ల క్రిందట బస్సు బోల్తాపడినప్పుడు బ్రదికి బయటపడిన సహోదరుడొకడు. గాయము మానినది, మచ్చ మాత్రము మిగిలినది. అయినను హారను మ్రోగగానే అతని చేతులు చల్లబడును, గుండె దడదడ కొట్టుకొనును. లేదా త్రాగుబోతు భర్తచేత దెబ్బలు తిని, అతడు చనిపోయిన తరువాత కూడ వాకిట చెప్పుల చప్పుడు వినగానే కొయ్యవలె బిగిసిపోవు సహోదరి. ఆమె ప్రార్థించును, వాక్యము చదువును, అయినను దేహము ఆమె మాట వినదు. అట్టివారితో మనమేమందుము? "నీకు విశ్వాసము చాలదమ్మా" అందుము. దెబ్బమీద దెబ్బ యన్న ఇదియే.

ఇట్టి బాధకు సోమాటిక్ థెరపీ అను చికిత్స యున్నదని ఇప్పుడు పట్టణములలో చెప్పుకొనుచున్నారు. మన పిల్లలు ఫోనులో చూచి, "ఇది మంచిదేనా? విశ్వాసులు వెళ్లవచ్చునా?" అని అడుగుచున్నారు. పూర్తిగా తెలిసికొనక మెచ్చుటయు తగదు, తిట్టుటయు తగదు. కావున పరీక్షించి చూతము.

"సోమా" యనగా గ్రీకు భాషలో దేహము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు మన దేహమును పరిశుద్ధాత్మకు ఆలయముగా పోల్చినప్పుడు వాడిన మాట ఇదే. మనస్సునకు తగిలిన గాయమును మాటలతో మాత్రమే గాక దేహము ద్వారా కూడ బాగుచేయవలెనన్నది ఈ చికిత్స ఉద్దేశము. వెళ్లినవారిని కుర్చీలో కూర్చుండబెట్టి, పాదములు నేలకు ఆన్చమందురు. "ఇప్పుడు ఒంటిలో ఎక్కడ ఏమి తోచుచున్నది? రొమ్ము బిగువుగా నున్నదా? చేతులు చల్లగా నున్నవా?" అని నెమ్మదిగా అడుగుదురు. భయపెట్టిన సంగతిని ఒక్కసారిగా త్రవ్వరు. కొంచెము తలచుకొననిచ్చి, మరల నెమ్మది కలిగించు దానియొద్దకు మళ్లించుదురు. జరిగినదంతయు నోట చెప్పవలసిన పని లేదు. నోరు విప్పలేని స్త్రీలకు ఇది కొంత మేలు.

దీని వంశావళిని చూడుము. ఆస్ట్రియా దేశపు వైద్యుడు విల్‌హెల్మ్ రైక్, మనుష్యుడు అణచుకొన్న బాధ కండరములలో కవచమువలె బిగిసియుండునని చెప్పెను. ఆ మాటలో కొంత పస యున్నది. అయితే అతడు తరువాత అమెరికాలో, లోకమంతట ఆర్గోన్ అను శక్తి నిండియున్నదనియు, దానిని పెట్టెలో పట్టి రోగములు బాగుచేయవచ్చుననియు ప్రకటించెను. 1954లో న్యాయస్థానము ఆ పెట్టెల వ్యాపారమును నిషేధించెను. ఆ ఆజ్ఞ మీరినందుకు అతడు చెరసాల పాలై 1957లో అక్కడనే మరణించెను. మంచి మాటతో మొదలుపెట్టినవాడు కూడ దారి తప్పగలడని ఇందువలన నేర్చుకొందము.

అమెరికావాడైన పీటర్ లెవిన్ 1997లో ఒక పుస్తకము ప్రకటించెను. పులి నోటినుండి తప్పించుకొన్న జింక ఒడలెల్ల వణకి, ఆ వణకు తీరిన పిమ్మట మరల మేతకు పోవుననియు, మనుష్యుడు ఆ వణకును లోపలనే బంధించుటచేత రోగియగుననియు అతని వాదము. 2014లో బెస్సెల్ వాన్‌డర్ కోక్ అను మానసిక వైద్యుడు వ్రాసిన గ్రంథము ఈ తలంపును లోకమంతట చాటెను.

ఇందులో సత్యమెంత? భయము దేహమును పట్టుననుట నిజమే. ఆపద పొడచూపగానే మెదడు నాడుల ద్వారా గుండెను, ఊపిరిని, కడుపును, కండరములను హెచ్చరించును. ఆపద గడచినను కొందరిలో ఆ హెచ్చరిక ఆగదు. ఇది వైద్యులందరు అంగీకరించినదే. పాపమును దాచుకొని మౌనముగా నున్నప్పుడు ఎముకలు క్షీణించినవని దావీదు ముప్పదిరెండవ కీర్తనలో చెప్పుకొనలేదా? అయితే, "ఆ జ్ఞాపకము నీ తొడలోనో భుజములోనో మూటగట్టి యున్నది, నేను దానిని విడిపింతును" అను మాట వేరు. దానికి తగిన రుజువు లేదు. జ్ఞాపకము నిలుచునది మెదడులో. మనుష్యుడు జింక కాడు. జింకకు రేపటి చింత లేదు, సిగ్గు లేదు, అప్పు లేదు, ఇరుగుపొరుగు నోళ్లు లేవు.

పరిశోధనలను కూడ తూచి చూతము. 2004 సునామీలో బ్రదికిన తమిళనాడు పల్లెవారికి ఈ పద్ధతిలో చికిత్స చేసి, పెక్కుమందికి మేలు కలిగినదని 2008లో ప్రకటించిరి. కాని చికిత్స పొందనివారిని ప్రక్కన పెట్టి పోల్చి చూడలేదు. కాలమే మాన్పినదో, చికిత్సయే మాన్పినదో ఎట్లు తెలియును? 2017లో ఇశ్రాయేలు దేశమున 63 మందితో జరిగిన పరిశోధనలో పోలిక యున్నది, మేలు కనబడినది. అయితే పోల్చినది మరియొక చికిత్సతో కాదు, తమ వంతు కొరకు వేచియున్నవారితో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దవారికి సిఫారసు చేసినవి వేరు: గాయపు జ్ఞాపకముతోను తలంపులతోను క్రమముగా పనిచేయు మాటల చికిత్స, కన్నుల కదలికతో కూడిన ఇ.ఎం.డి.ఆర్. అను చికిత్స. కావున మన తీర్పు ఇది: సోమాటిక్ థెరపీ మోసము కాదు, మహిమయు కాదు. రుజువు ఇంకను కొంచెమే.

అయినను వెళ్లదలచినవారు ఎవరియొద్దకు వెళ్లవలెను? ఇక్కడ జాగ్రత్త యుండవలెను. మన దేశములో "సోమాటిక్ థెరపిస్టు" అను పేరునకు ప్రత్యేకమైన ప్రభుత్వ రిజిస్టరు లేదు. ఈ పద్ధతిలో తర్ఫీదు పొందినవారిలో మానసిక వైద్యులును ఉందురు, మర్దనము చేయువారును ఉందురు. గోడకు తగిలించిన సర్టిఫికెట్టు చూచి మోసపోకుడి. మొదట అడుగవలసినది మూల చదువు. మానసిక వైద్యుడైనచో వైద్య మండలిలోను, క్లినికల్ సైకాలజిస్టు అయినచో రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులోను పేరుండవలెను. రెండవది, ఎన్ని వారములు పట్టును, రుసుమెంత, మేలు కలుగుచున్నదని ఎట్లు తెలియునని అడుగుడి. సూటిగా చెప్పనివానిని విడిచిపెట్టుడి. మూడవది, తాకుట. ఈ చికిత్సకు తాకుట తప్పనిసరి కాదు. అడుగక తాకినను, వద్దన్నందుకు నొచ్చుకొన్నను, వెంటనే లేచి రండి. బేతెస్ద కోనేటియొద్ద మన ప్రభువు సహితము ఆ రోగిని బాగుపడ గోరుచున్నాడా అని ముందు అడిగెను గదా. నాలుగవది, మాత్రలు మానుమనువానిని నమ్మకుడి. గుండె నొప్పి, మూర్ఛ వంటివి ఉన్నచో ముందు ఆసుపత్రికి వెళ్లుడి.

ఊపిరిని గమనించుట అన్యాచారమా యని కొందరు భయపడుదురు. ఊపిరి నాసికలో ఊదినవాడు దేవుడే. దానిని గమనించుట పాపము కాదు. మనస్సాక్షి ఒప్పని మంత్రమో ముద్రయో చేయుమన్నచో వద్దని చెప్పవచ్చును. మంచి చికిత్సకుడు దానికి కోపగించుకొనడు.

"పట్టణము దూరము, చేతిలో డబ్బు లేదు" అందువా? 2022లో ప్రభుత్వము టెలి మానస్ అను సహాయము ప్రారంభించినది. 14416 నంబరునకు రాత్రియు పగలును ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. చనిపోవలెనన్న తలంపు వచ్చినవారు ఒక్క గడియయు ఆలస్యము చేయరాదు. ఇట్టి వైద్యము మిషనులకును క్రొత్త కాదు. స్టాన్లీ జోన్స్ దొరగారు 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక వైద్యశాలను స్థాపించిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచిరి. మన పెద్దలు ప్రార్థనను, వైద్యమును ఒకదానికొకటి శత్రువులుగా ఎంచలేదు.

ఇక చివరి విమర్శ మనమీదనే. బదరీవృక్షము క్రింద చావును కోరి పడియున్న ఏలీయాను దేవుడు ఏమి చేసెను? విశ్వాసము లేదని గద్దింపలేదు. దూతను పంపి తట్టి లేపి, రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టించెను. హోరేబులో మాటలాడినది ఆ తరువాతనే. ప్రవక్త దేహమునే దేవుడు ముందు చూచినప్పుడు, మన సహోదరి వణకును మనమెందుకు చూడలేకపోతిమి? ఈ చికిత్సకులు తమకు తెలిసినదానికంటె ఎక్కువ చెప్పిన తప్పు చేసిరి. మనము కన్నులెదుట నున్నదానిని కూడ చూడని తప్పు చేసితిమి.

యోబు స్నేహితులు ఏడు దినములు నేలపై కూర్చుండి మౌనముగా నున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచినప్పుడే చెడిరి. కావున ప్రియ చదువరీ, వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ సహోదరి ప్రక్కన కొంచెముసేపు కూర్చుండుము. ఆమె నిద్రపోవుచున్నదా, తినుచున్నదా అని అడుగుము. ఆసుపత్రికి తోడు కావలెనన్నచో వెళ్లుము. ఉపదేశము తరువాత చేయవచ్చును.